పిల్లల్లో అల్సరేటివ్ కొలైటిస్: రక్తం ఆగిపోయాక కూడా మందు దేనికి?

వెన్నెలపందిరి రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి 11 ఏళ్లు. కొన్ని నెలలుగా విరేచనంలో రక్తం, జిగట పడుతుండటంతో కొలనోస్కోపీ (గొట్టపు కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష), బయాప్సీ చేయించాము. పెద్దపేగు మొత్తానికీ వ్యాపించిన అల్సరేటివ్ కొలైటిస్ అని వైద్యులు తేల్చారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, పేగు వాపు తగ్గించే మెసలమైన్ మొదలుపెట్టిన తరువాత రక్తం ఆగింది, ఆకలి పెరిగింది, పిల్ల మళ్లీ ఆటలకు వెళ్తోంది. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు "బిడ్డ బాగానే ఉంది కదా, ఇంత చిన్న వయసులో ఇన్ని మాత్రలు దేనికి?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న నా మనసులోనూ ఉంది. వైద్యులు చెప్పింది విన్నాను గానీ, ఆ గదిలో ఉన్న కంగారులో సగం తలకెక్కలేదు. ఈ జబ్బు అసలు ఏమిటి, పేగు నిజంగా మానిందో లేదో మనకు ఎలా తెలుస్తుంది, ఈ మందులు ఎంతకాలం అన్నది తెలిసినవారు విడమరిచి చెప్పగలరా?

శిశువైద్యమిత్ర రాశారు:

నమస్కారమండీ. నేను పిల్లల జీర్ణకోశ వ్యాధుల విభాగంలో పనిచేస్తున్న వైద్యుణ్ణి. మీ అమ్మాయి మందుల మోతాదులు ఆమెను చూస్తున్న వైద్యులే నిర్ణయించాలి కాబట్టి వాటి జోలికి వెళ్లను. జబ్బు తీరు మాత్రం చెబుతాను.

అల్సరేటివ్ కొలైటిస్‌లో శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద దాడికి దిగుతుంది. ఆ పొర ఎర్రబడి, వాచి, కొలనోస్కోపు తగిలితేనే రక్తం చిమ్మేంత సున్నితంగా తయారవుతుంది. వాపు ముదిరితే పుండ్లు పడతాయి. సాధారణంగా ఇది పురీషనాళం (మలద్వారానికి పైనున్న పెద్దపేగు చివరి భాగం) దగ్గర మొదలై, మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. దీనికి దగ్గరి చుట్టమైన క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, మధ్యమధ్య బాగున్న భాగాలను వదిలేయవచ్చు, పేగు గోడ లోతుకంటా దిగవచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడానికే పిల్లలకు కొలనోస్కోపీతో పాటు పైనుంచి ఎండోస్కోపీ కూడా చేసి, చూడటానికి మామూలుగా ఉన్నచోటి నుంచి సైతం ముక్కలు తీసి పరీక్షకు పంపుతారు.

పిల్లల్లో ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెద్దల్లో చాలామందికి జబ్బు పురీషనాళానికో, పేగు ఎడమ భాగానికో పరిమితమై ఉంటుంది. పిల్లల్లో మాత్రం 60 నుంచి 80 శాతం మందికి నిర్ధారణ నాటికే పెద్దపేగులో అధికభాగానికి వ్యాపించి ఉంటుంది. మీ అమ్మాయికి పేగంతా వ్యాపించిందంటే మీరు ఆలస్యం చేశారని అర్థం కాదు, ఆ వయసులో ఈ జబ్బు వచ్చే తీరే అది. వంశపారంపర్యంగా వచ్చే కొంత అనుకూలత, పేగులోని సూక్ష్మజీవులు, పరిసరాలు కలిసి దీనికి దారితీస్తాయని ఇప్పటిదాకా తెలిసింది. మీరు పెట్టిన ఏ తిండి వల్లా, చదువుల ఒత్తిడి వల్లా ఇది పుట్టలేదు.

ఇక మీ ప్రధాన ప్రశ్న. రక్తం ఆగడం వేరు, పేగు మానడం వేరు. స్టెరాయిడ్ వాపును త్వరగా అణచివేస్తుంది కనుక కొద్ది రోజుల్లోనే బిడ్డ తేరుకుంటుంది. అయితే అది జబ్బును అదుపులో నిలిపి ఉంచే మందు కాదు. ఎక్కువకాలం వాడితే ఎదుగుదల మందగిస్తుంది, ఎముకలు బలహీనపడతాయి. అందుకే రెండు మూడు వారాల తరువాత నుంచి మెల్లగా తగ్గిస్తూ, సుమారు రెండు నెలలు, రెండున్నర నెలల్లో పూర్తిగా ఆపే ప్రయత్నం చేస్తాము. మందు వాడినన్నాళ్లు, ఒంటికి కావలసిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి, అవి తిరిగి పుంజుకోవాలి కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదు. స్టెరాయిడ్ తప్పుకున్నాక జబ్బు తిరగబెట్టకుండా కాసేది మెసలమైన్. చాలామంది కుటుంబాలు బిడ్డ బాగుందని మొదట ఆపేసేది దాన్నే, అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

మలుపుదారి రాశారు:

మా అబ్బాయికి ఇప్పుడు 15 ఏళ్లు, జబ్బు తెలిసి కొన్నేళ్లయింది. తండ్రిగా నేను గమనించింది చెబుతాను. ఈ వయసు పిల్లలు నిజం చెప్పరు. అది అబద్ధమాడటం కాదు, సిగ్గు. మావాడు రక్తం కనిపించగానే ఫ్లష్ నొక్కేసి బయటికి వచ్చి "బాగానే ఉంది నాన్నా" అనేవాడు. రాత్రిపూట మరుగుదొడ్డి దీపం వెలగడం, స్నానాలగదిలో టిష్యూ కాగితాలు తొందరగా అయిపోవడం, స్నేహితుల ఇంటికి రమ్మంటే వద్దనడం వంటివి చూసి మేము గ్రహించవలసి వచ్చింది. అంతకు ముందు చూపించిన చోట మొలలని ఒకరు, జిగట విరేచనాలని మరొకరు అన్నారు. పిల్లల్లో మొలలు అరుదు కాబట్టి వారాల తరబడి రక్తం పడుతుంటే ఆ మాటతో సరిపెట్టుకోకూడదని తరువాత ఒక వైద్యురాలు చెప్పారు.

"ఎలా ఉంది?" అని అడగడం మానేసి, వైద్యులు వాడే అంకెల పద్ధతి ఒకటి నేర్చుకున్నాక మా ఇంట్లో చాలా మార్పు వచ్చింది. దాని పేరు పి.యు.సి.ఎ.ఐ. డాక్టరుగారు దాని గురించి వివరిస్తే బాగుంటుంది.

శిశువైద్యమిత్ర రాశారు:

తప్పకుండా. ఇది పిల్లల అల్సరేటివ్ కొలైటిస్ తీవ్రతను కొలిచే పట్టిక. 2007లో ప్రచురితమైంది. రక్తపరీక్షలు, కొలనోస్కోపీ ఏవీ లేకుండా ఆరు విషయాలు అడిగి లెక్క కడతారు: కడుపునొప్పి, రక్తం, మలం గట్టిదనం, 24 గంటల్లో ఎన్నిసార్లు వెళ్లారు, విరేచనానికి రాత్రి నిద్రలేవవలసి వస్తోందా, రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారు. మొత్తం 85కి లెక్క. 10 కన్నా తక్కువైతే జబ్బు అణిగి ఉన్నట్టు, 10 నుంచి 34 వరకు స్వల్పం, 35 నుంచి 64 వరకు మధ్యస్థం, 65 లేక ఆపైన అయితే తీవ్రం.

ఒక పిల్లవాడికి పట్టించుకోకుండా ఉండలేనంత నొప్పి ఉందనుకుందాం, దానికి 10. ఎక్కువసార్లు కొద్దికొద్దిగా రక్తం పడుతోంది, 20. మలం సగం గట్టిగా ఉంది, 5. రోజుకు ఆరుసార్లు వెళ్తున్నాడు, 10. రాత్రి లేస్తున్నాడు, 10. బడికి వెళ్తున్నా అప్పుడప్పుడూ మానుతున్నాడు, 5. మొత్తం 60, అంటే మధ్యస్థంలో పైమెట్టు. రక్తానికి ఒక్కదానికే గరిష్ఠంగా 30 ఉండటం గమనించండి. ఈ జబ్బులో దానికున్న బరువు అది. రాత్రి నిద్రలేవడానికి కూడా నేను చాలా విలువ ఇస్తాను. మామూలు కడుపు గడబిడ నిద్రలోంచి లేపడం తక్కువ, వాచిన పేగు లేపుతుంది.

వెన్నెలపందిరిగారు అడిగిన "నిజంగా మానిందా" అన్న ప్రశ్నకు ఈ అంకెతో పాటు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది. పేగులో వాపు ఉన్నచోటికి చేరే తెల్లరక్తకణాల నుంచి విడుదలయ్యే ప్రొటీన్ అది. సాధారణంగా గ్రాము మలానికి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే నిశ్చింత, 250 దాటితే వాపు ఉందనే అనుమానించాలి. నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఏ జబ్బూ లేకపోయినా ఇది ఎక్కువగా ఉండవచ్చు, అంటువ్యాధుల్లోనూ పెరుగుతుంది. కాబట్టి ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పము. బిడ్డ హాయిగా ఆడుకుంటూ, విరేచనం మామూలుగా ఉండి, కాల్‌ప్రొటెక్టిన్ మాత్రం రెండుసార్లు వరుసగా ఎక్కువ వచ్చిందంటే లోపల నిప్పు ఆరలేదన్నమాట. ఇంట్లో పెద్దవాళ్లకు ఆ కాగితం చూపించండి.

పన్నెండోఏట రాశారు:

నాకు ఈ జబ్బు 12వ ఏట వచ్చింది, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. పిల్లల వైపు నుంచి రెండు మాటలు.

స్టెరాయిడ్ వాడేటప్పుడు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, మొటిమలు వస్తాయి, ఆకలి ఆగదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దవాళ్లకు ఇది తాత్కాలికమని తెలుసు. అద్దంలో చూసుకునే పిల్లకు తెలియదు. మోతాదు తగ్గే కొద్దీ ముఖం మామూలవుతుందని ముందే, సూటిగా, ఒకటికి రెండుసార్లు చెప్పండి. కౌమారంలో చాలామంది మందు మానేసేది జబ్బు అర్థం కాక కాదు, ఆ ముఖాన్ని భరించలేక.

రెండోది ఎనీమా, అంటే మలద్వారం గుండా లోపలికి ఎక్కించే ద్రవరూప మందు. మాత్రలతో పాటు ఎనీమా కూడా వాడితే మాత్రలు మాత్రమే వాడినదానికన్నా మేలు జరుగుతుంది, ఎందుకంటే జబ్బు బలంగా ఉండే కింది భాగానికి మందు నేరుగా చేరుతుంది. కానీ పిల్లలకు అదెంత నామోషీగా ఉంటుందో పెద్దలు ఊహించాలి. సీసాను అరచేతుల మధ్య పట్టుకుని ఒంటి వేడికి తెచ్చుకుంటే లోపలికి వెళ్లేటప్పుడు పేగు మెలిపెట్టదు. ముందు మరుగుదొడ్డికి వెళ్లివచ్చి, ఎడమవైపుకు తిరిగి, పైకాలు మడిచి పడుకుని, మెల్లగా నొక్కి, అలాగే నిద్రపోవాలి. తువ్వాలు ఒకటి కింద పరచుకుంటే పక్క తడుస్తుందన్న భయం ఉండదు. కాస్త ఎదిగిన పిల్లలకు ఇది స్వయంగా చేసుకోవడం నేర్పించి, తలుపు వేసుకోనివ్వండి. పి.యు.సి.ఎ.ఐ. లెక్క కూడా వాళ్లచేతే రాయించండి. రోజూ అమ్మానాన్నలకు మలం గురించి నోటితో చెప్పడం కన్నా కాగితం మీద అంకె వేయడం సులువు.

ప్రకృతిబాట రాశారు:

మందుల అవసరాన్ని కాదనను. అయితే అసలు మూలం ఆహారంలోనే ఉందని నేను నమ్ముతాను. పాలు, గోధుమలు, చక్కెర పూర్తిగా మానేసి, పసుపు సారం వాడి స్టెరాయిడ్ నుంచి బయటపడినవాళ్ల గురించి చదివాను. పిల్లల విషయంలో ముందు ఆహారాన్ని ప్రయత్నించి, కుదరకపోతే మందులకు వెళ్లడం మంచిది కదా?

పథ్యాపథ్యం రాశారు:

నేను పిల్లల ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలిని. ప్రకృతిబాటగారి ఆరాటం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే తల్లిదండ్రుల చేతిలో ఉన్నదల్లా వంటిల్లే. కానీ "ముందు ఆహారం, తరువాత మందు" అన్న వరుసతో నేను గట్టిగా విభేదిస్తాను.

క్రోన్స్ వ్యాధి ఉన్న పిల్లలకు కొన్ని వారాలపాటు ద్రవరూప పోషకాహారం మాత్రమే ఇచ్చి జబ్బును అణచడం బాగా నిరూపితమైన చికిత్స. దాన్ని చదివినవారు అల్సరేటివ్ కొలైటిస్‌కు కూడా వర్తిస్తుందని అనుకుంటారు. వర్తించదు, ఈ జబ్బును ఆహారంతో మాత్రమే అణచవచ్చని నిరూపణ కాలేదు. పసుపులోని కర్క్యుమిన్ సంగతి వేరు. పెద్దల మీద జరిగిన కొన్ని చిన్న పరీక్షల్లో మెసలమైన్‌కు తోడుగా ఇచ్చినప్పుడు మేలు కనిపించింది. తోడుగా అన్న మాటను మరచిపోకూడదు, వైద్యులకు చెప్పకుండా ఇవ్వకూడదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మానిపించే ఆహారాల జాబితా. రక్తం పోయి ఇనుము తగ్గిపోయిన బిడ్డకు, ఆకలి చచ్చి బరువు తగ్గిన బిడ్డకు, స్టెరాయిడ్ వల్ల ఎముకల్లో కాల్షియం తగ్గే బిడ్డకు మనం పాలు, పప్పు, గింజలు ఒక్కొక్కటిగా తీసేస్తే ఎదగవలసిన వయసులో ఎదుగుదలకు సరుకెక్కడిది? జబ్బు రేగినప్పుడు పీచు ఎక్కువున్నవి, తొక్కలు, గింజలు కొన్నాళ్లు తగ్గిస్తే కడుపుకు సుఖంగా ఉంటుంది, అణిగాక మళ్లీ అన్నీ తినవచ్చు. పాలు తాగితే ఉబ్బరం వచ్చే పిల్లలకు మాత్రమే పాలు తగ్గించాలి. ఎత్తు, బరువు ప్రతి సందర్శనలోనూ గ్రాఫు మీద గుర్తించమని అడగండి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చూపే పరీక్ష), విటమిన్ డి చూపించండి.

శిశువైద్యమిత్ర రాశారు:

పథ్యాపథ్యంగారి మాటలకు ఒకటి జోడిస్తాను. ఒళ్లునొప్పులకు, జ్వరానికి ఐబుప్రొఫెన్ వంటి మందులు పేగు వాపును రేపవచ్చు, పారాసిటమాల్ వాడటం మేలు. అలాగే రక్తవిరేచనాలు తీవ్రంగా ఉన్నప్పుడు విరేచనాలు కట్టే మాత్రలు వేయడం ప్రమాదం, పేగు ఉబ్బిపోయే పరిస్థితికి అవి దారితీయగలవు.

నల్లబల్ల రాశారు:

నేను ఉపాధ్యాయురాలిని. మా తరగతిలో ఇటువంటి పిల్లవాడు ఉన్నాడని వాళ్ల అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. పరీక్ష మధ్యలో లేచి వెళ్తే ఎగ్గొడుతున్నాడని అనుకునేవారు. ఇప్పుడు చేయి ఎత్తి అడగనవసరం లేకుండా వెళ్లవచ్చని అతనికి అనుమతి ఉంది, తలుపు పక్క బల్ల ఇచ్చాము, ఒక జత బట్టలు సిబ్బంది గదిలో ఉంటాయి. తరగతిలో ఎవరికీ జబ్బు పేరు చెప్పలేదు, అది అతని ఇష్టం. తల్లిదండ్రులకు నా విన్నపం: వైద్యుల చేత ఒక ఉత్తరం రాయించి తెండి. నోటిమాట ఆ ఏడాది ఉపాధ్యాయురాలితోనే ఆగిపోతుంది, ఉత్తరం పై తరగతికీ వెళ్తుంది.

వెన్నెలపందిరి రాశారు:

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. కాల్‌ప్రొటెక్టిన్ ఫలితం ఈ వారం వచ్చింది, ఇంకా 400 పైనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టాను, మందు ఆపే మాట మళ్లీ రాలేదు. అయితే స్టెరాయిడ్ తగ్గిస్తుండగా నిన్న మళ్లీ కొద్దిగా రక్తం కనిపించింది. మా వైద్యులు అజాథయోప్రిన్ గానీ, ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ అవసరపడవచ్చని అన్నారు. పేర్లు వింటేనే భయంగా ఉంది. చివరికి ఆపరేషన్ దాకా వెళ్తుందా?

శిశువైద్యమిత్ర రాశారు:

స్టెరాయిడ్ తగ్గించగానే రక్తం కనిపిస్తే ముందు వేరే కారణం ఉందేమో చూస్తారు. మలాన్ని కల్చర్‌కు పంపడం, క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా పరీక్ష, అమీబా కోసం వెతకడం అందుకే. కొద్దిమంది పిల్లలకు మెసలమైన్ పడక, మొదలుపెట్టిన కొద్ది వారాల్లో రక్తవిరేచనాలు పెరుగుతాయి, దాన్ని జబ్బు ముదిరిందని పొరబడే ప్రమాదం ఉంది. ఇవేవీ కాకపోతే మందు మెట్టు పెంచాలి.

మీ వైద్యులు చెప్పిన రెండూ రోగనిరోధక వ్యవస్థ దాడిని అణచే మందులే. అజాథయోప్రిన్ ప్రభావం చూపడానికి మూడు నెలల దాకా పడుతుంది, అందాకా ఓపిక కావాలి. మొదలుపెట్టే ముందు టీపీఎంటీ, నడ్‌ట్ 15 అనే పరీక్షలు చేస్తే ఎవరికి తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయో ముందే తెలుస్తుంది. నడ్‌ట్ 15 జన్యువులో మార్పులు ఆసియా ప్రజల్లో ఎక్కువ. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను రక్తనాళం ద్వారా మొదటిరోజు, రెండో వారం, ఆరో వారం, ఆపైన సాధారణంగా ఎనిమిది వారాలకొకసారి ఎక్కిస్తారు. 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆరేళ్లు దాటిన పిల్లల అల్సరేటివ్ కొలైటిస్‌కు దీన్ని అనుమతించింది. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ బి లేవని చూసుకోవాలి. ఈ మందులకు ప్రమాదాలు ఉన్నాయి, దాచను. కానీ అదుపులో లేని పేగువాపుకూ, ఏళ్ల తరబడి స్టెరాయిడ్‌కూ ఉన్న ప్రమాదాలను వాటి పక్కన పెట్టి తూచాలి. నా అనుభవంలో కుటుంబాలు ఒక పళ్లెమే చూస్తాయి.

ఆపరేషన్ గురించి సూటిగా చెబుతాను. జబ్బు తీవ్రమై పి.యు.సి.ఎ.ఐ. 65 చేరితే ఆసుపత్రిలో చేర్చి రక్తనాళం ద్వారా స్టెరాయిడ్ ఇస్తారు. మూడో రోజున అంకె ఇంకా 45 పైన ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి తరువాతి మందుకు ఏర్పాట్లు మొదలవుతాయి, ఐదో రోజున 65 పైన ఉంటే ఆ మందు ఇచ్చేస్తారు. దానికీ లొంగకపోతే పెద్దపేగును తీసివేయాలి. చాలామంది పిల్లలకు తరువాత చిన్నపేగు చివరను సంచిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు, అప్పుడు శాశ్వతంగా పొట్ట మీద సంచి పెట్టుకోవలసిన అవసరం ఉండదు. ఆలస్యం చేసి, పేగు చిల్లిపడే స్థితిలో చేసే ఆపరేషన్‌కూ, సమయానికి చేసే ఆపరేషన్‌కూ చాలా తేడా ఉంది. జ్వరం, కడుపు ఉబ్బరం, గుండెదడ, ఆగని రక్తం కనిపిస్తే ఇక్కడ రాయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చిరుమొగ్గ రాశారు:

మా బాబుకు మూడేళ్లు. ఇదే జబ్బు అని అంటున్నారు, కానీ జన్యుపరీక్ష కూడా చేయాలంటున్నారు. ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

శిశువైద్యమిత్ర రాశారు:

ఆరేళ్ల లోపు మొదలైతే, ముఖ్యంగా రెండేళ్ల లోపు, కొందరిలో ఒకే జన్యువులోని లోపం దీనికి మూలం కావచ్చు. ఉదాహరణకు వాపును అదుపుచేసే ఇంటర్‌ల్యూకిన్ 10 అనే ప్రొటీన్ సంకేతాన్ని అందుకునే గ్రాహకంలో లోపం ఉంటే మామూలు మందులు పనిచేయవు, ఎముకమజ్జ మార్పిడి మేలు చేస్తుంది. చికిత్స మొత్తం మారిపోతుంది కాబట్టి ఆ పరీక్ష అవసరమే, చేయించండి.

మలుపుదారి రాశారు:

ఒక విషయం మిగిలింది. మావాడికి కాలేయ పరీక్షలు కూడా ఎప్పటికప్పుడు చేస్తుంటారు, మొదట ఎందుకో తెలియలేదు. కొందరికి ఈ జబ్బుతో పాటు పిత్తనాళాలు వాచి మూసుకుపోయే వ్యాధి వస్తుందట, కీళ్లు, కళ్లు, చర్మం కూడా ప్రభావితం కావచ్చట. కన్ను ఎర్రబడి నొప్పిగా ఉంటే కండ్లకలక అని ఊరుకోవద్దన్నారు. పేగులో క్యాన్సర్ కోసం కొలనోస్కోపీ తనిఖీలు జబ్బు మొదలైన ఎనిమిది, పదేళ్ల తరువాత మొదలవుతాయని, పిత్తనాళాల జబ్బు ఉన్నవారికి అంతకన్నా చాలా ముందే అవసరమని చెప్పారు. మనవాళ్లు పెద్దల వైద్యుల దగ్గరికి మారే వయసూ అదే కాబట్టి, తొలి కొలనోస్కోపీ నివేదిక నుంచి అన్ని కాగితాలూ ఒక ఫైలులో భద్రపరచండి.

వెన్నెలపందిరి రాశారు:

మలం పరీక్షల్లో అంటువ్యాధి ఏదీ లేదని వచ్చింది, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కే ఒప్పుకున్నాము. ఆఖరి సందేహం: అమ్మాయికి చిన్నప్పుడు ఆటలమ్మ టీకా వేయించలేదు, జబ్బూ రాలేదు. ఇప్పుడు వేయించవచ్చా?

శిశువైద్యమిత్ర రాశారు:

ఇప్పుడు వద్దండీ. అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. స్టెరాయిడ్ పెద్ద మోతాదులో ఉన్నప్పుడు గానీ, ఇన్‌ఫ్లిక్సిమాబ్ నడుస్తున్నప్పుడు గానీ ఇవ్వరు. ఆ మందులు మొదలుపెట్టడానికి కనీసం నాలుగు వారాల ముందే ముగించాలి, మీకు ఆ వ్యవధి లేదు. ఇంట్లో మిగతావారిలో ఎవరికి ఆటలమ్మ రాలేదో, టీకా పడలేదో కనుక్కుని వారికి వేయించండి. ఫ్లూ, న్యూమోకాకల్ వంటి నిర్జీవ టీకాలు అమ్మాయికి వేయవచ్చు, వేయాలి కూడా. బడిలో ఎవరికైనా ఆటలమ్మ వచ్చి, ఈమె వారి దగ్గర కూర్చుందని తెలిస్తే, పొక్కులు కనిపించేదాకా ఆగకుండా అదే రోజు మీ వైద్యులకు ఫోన్ చేయండి. ముందుగా ఇవ్వగలిగే రక్షణ ఉంది, దానికి గడువు రోజుల్లోనే ఉంటుంది.